నెత్తళ్ల పరీక్ష

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పెద్దమ్మ అందరికీ చెప్పేది. చెబితే చెప్పనీ. ఆశా కార్యకర్తకు కోపం లేకపోతే మా పాళెంలో ఒక్కరు మాట వినరు. బిడ్డకు సూది వేయించండి అంటే జ్వరం వస్తుందంటారు. మాత్రలు మింగమంటే వేడి చేస్తుందంటారు. జువ్వలదిన్నె హార్బర్‌కు ఇవతల మా పాళెంలో నూట ఎనభై ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలోని జ్వరాలు, కాన్పులు, దగ్గులు అన్నీ పదిహేనేళ్లుగా నా నోటి మీదే నడుస్తున్నాయి. నా పేరు రెజీనా. ఇప్పుడు చెప్పేది ఆ నోటి వల్ల జరిగిన సంగతి. అంతకన్నా ఎక్కువగా, అవసరమైనప్పుడు ఆ నోరు పెగలకపోవడం వల్ల జరిగిన సంగతి.

పెద్దమ్మ పేరు మగ్దలీనమ్మ. మా అమ్మకు సొంత అక్క. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోతే తన దగ్గర పెట్టుకుని పెంచింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎండు చేపలు అమ్మేది. గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి కొడవలూరు వైపు ఊళ్లన్నీ తిరిగి వచ్చేది. బస్సులో కండక్టరు ముక్కు మూసుకుంటే, "ఏం నాయనా, కూరలో పడినప్పుడు కూడా ఇట్నే మూసుకుంటావా?" అని బస్సంతా వినబడేలా అడిగేది. ఆయన నవ్వి టికెట్ కొట్టేవాడు.

రెండువేల ఇరవై ఆగస్టులో ఒకరోజు పొద్దున పెద్దమ్మ వాకిట్లో నెత్తళ్ల గంప విప్పి, గుప్పెడు తీసి వాసన చూసి అలాగే కూర్చుండిపోయింది. నెత్తళ్లంటే వేలెడు పొడుగుండే చిన్న చేపలు. ఎండబెడితే నాలుగిళ్ల అవతలికి కూడా వాసన వస్తుంది.

"మే రెజీనా, ఈ నెత్తళ్లు చచ్చిపోయినాయి మే," అంది.

"చచ్చినాకే గదా ఎండబెట్టింది," అన్నాను.

"నవ్వబాక. వాసన చచ్చిపోయింది. ముక్కులో పెట్టుకున్నా రాలేదు."

పరీక్ష చేయిస్తే కరోనా. కావలిలో క్వారంటైన్ పెట్టిన చోట పద్నాలుగు రోజులు ఉంచారు. జ్వరం రెండు రోజులే. మిగతా రోజులన్నీ పక్క మంచాల వాళ్ల పెళ్లిళ్లు, కొట్లాటలు విని, అన్నీ మోసుకొచ్చి మాకు చెప్పింది. వచ్చిన మరుసటి రోజే గంప ఎత్తుకుంది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. జ్వరమని చెబితే ఎక్కడ పట్టుకుపోతారో అని మా వాళ్లు దాచుకునేవాళ్లు. నేను చిన్న డబ్బాలో నెత్తళ్లు వేసుకుని ఇంటింటికీ పోయి, "వాసన చూడండి" అనేదాన్ని. సముద్రం పక్కన పుట్టినవాడు నెత్తళ్ల వాసన రాలేదని అబద్ధం చెప్పలేడు, వచ్చిందని నటించనూ లేడు, ముఖంలోనే తెలిసిపోతుంది. వాసన రానివాళ్లను తొమ్మిది మందిని పరీక్షకు పంపితే ఏడుగురికి కరోనా తేలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు కరుణాకుమారి గారు మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. పేపర్లో జిల్లా పేజీలో నా ఫోటో, చేతిలో నెత్తళ్ల డబ్బాతో వేశారు. ఆ ముక్క కత్తిరించి, అట్టకు అంటించి, గోడకు తగిలించాను. దాచడమెందుకు, బాగా గర్వపడ్డాను. పాళెంలో దానికి నెత్తళ్ల పరీక్ష అని పేరు పడిపోయింది.

ఇంకో పేరు కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. కరోనా వచ్చి తగ్గినవాళ్లను మా ఊళ్లో 'అయిపోయినోళ్లు' అనేవాళ్లు. 'ఆమెకు అయిపోయింది, ఆమెకేం భయం?' అనేవాళ్లు. రోగి ఇంటికి నీళ్లు మోయాలన్నా, మందులు ఇచ్చి రావాలన్నా అయిపోయినోళ్లనే పిలిచేవాళ్లు. ఒకసారి వచ్చిపోతే ఒంట్లో రక్షణ తయారవుతుందని మీటింగులో చెప్పిన మాట నిజమే. ఆ రక్షణ ఎన్నాళ్లుంటుందో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మిగతాది నేనే కల్పించుకున్నాను. "ఆటలమ్మ ఒకసారి పోస్తే జన్మలో మళ్లీ పోయదు గదా, ఇదీ అంతే" అని నూట ఎనభై ఇళ్లలో చెప్పాను. నేను చెప్పింది గనక అందరూ నమ్మారు.

తర్వాతి ఏప్రిల్‌లో అది మళ్లీ వచ్చింది. ఈసారి వచ్చిన తీరు వేరు. పోయినేడు ఇంటికొకరు పడితే, ఇప్పుడు ఇల్లంతా ఒక్కసారే పడేది. పేపర్లో డబుల్ మ్యూటెంట్ అని రాసేవాళ్లు. డెల్టా అనే పేరు తర్వాతెప్పుడో పెట్టారు. మాకు డెల్టా అంటే పెన్నా డెల్టా, కొడవలూరు వైపు వరి పొలాలు. అంత చక్కటి పేరును దీనికి పెట్టినందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా వీధి చివర సైదావలి చిన్నాయన ఇల్లు. వలలు, నైలాన్ దారం, గాలాలు అమ్మే కొట్టు ఆయనది. వరసకు చిన్నాయన కాదు. ఆయన భార్య జైతూన్‌బీ మా పెద్దమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పిన్నమ్మ, ఆయన చిన్నాయన. పెద్దమ్మ, పిన్నమ్మ ముప్పై ఏళ్ల స్నేహితులు. ఒకరినొకరు తిట్టుకోకపోతే పొద్దు గడిచేది కాదు. క్రిస్మస్‌కు మా ఇంట్లో పిన్నమ్మ చేసిన బిర్యానీ, రంజాన్‌కు వాళ్లింట్లో పెద్దమ్మ వండిన చేపల పులుసు.

రంజాన్ నెల మొదలైన వారానికి చిన్నాయనకు కరోనా అని తేలింది. కావలి ఆస్పత్రిలో చేర్చారు. పిన్నమ్మకు పరీక్ష నేనే చేశాను, లేదని వచ్చింది. కొడుకు అన్వర్‌కు చిల్లకూరు దగ్గర హైవే మీద టైర్ల షాపు. అతను తండ్రి దగ్గరికీ షాపుకూ మధ్య తిరుగుతున్నాడు. పిన్నమ్మ ఇంట్లో ఒక్కతే, పైగా సుగర్ ఉండి కూడా ఉపవాసాలు మానదు. ఎవరూ ఆ గుమ్మం తొక్కడం లేదు.

"నేను పోయి ఆమెకు తోడు పండుకుంటా. పోవచ్చునా మే?" అని పెద్దమ్మ నన్ను అడిగింది.

ఎవరి మాటా వినని మనిషి, ఈ ఒక్క విషయంలో నన్ను అడిగింది. నేనేమో అప్పుడు యాప్‌లో పేర్లు ఎక్కిస్తూ, తల కూడా ఎత్తకుండా, "పో పెద్దమ్మా, నీకు అయిపోయింది గదా, నీకేం కాదు," అన్నాను.

వారం రోజులు ఆమె అక్కడే పడుకుంది. పగలు పదకొండు ఇళ్లకు గంజి, రసం మోసింది. అయిపోయినామె కదా, మాస్కు మెడకు వేలాడేది. ఆ ఇళ్లలో ఎక్కడో ఒకచోట అది మళ్లీ ఆమెను పట్టుకుంది.

సోమవారం ఇంటికి వచ్చినప్పుడు దగ్గుతోంది. గోడకు ఆనుకుని కూర్చుని, "ఒళ్లంతా ఇరగ్గొట్టినట్టుండాది. ఒకసారి ఆ పుల్ల ముక్కులో పెట్టి చూడరాదా?" అంది.

నా దగ్గర ఎనిమిది పరీక్ష కిట్లే ఉన్నాయి. జ్వరాలు నలభై. నాకు చిరాకు లేచింది.

"ఉండేదే ఎనిమిది. నీ మీద ఒకటి దండగ చేయాలా? నెత్తళ్ల వాసన వస్తా ఉండాదా లేదా?"

పెద్దమ్మ గంపలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూసింది. "వస్తా ఉండాది."

"బాగా వస్తా ఉండాదా?"

"బో గబ్బు కొడతా ఉండాది మే. చచ్చినోడు కూడా లేచి కూర్చుంటాడు."

"అయితే నీకేం లేదు. ఎండలో తిరిగి వచ్చినావు. పోయి కషాయం తాగి పండుకో."

ఆమె నా మాట నమ్మింది. మంగళవారం, బుధవారం కూడా పొద్దున్నే గంప దగ్గర కూర్చుని వాసన చూసుకుని, "వస్తా ఉండాది, నాకేం లేదు" అని తనకు తానే చెప్పుకుని పిన్నమ్మ దగ్గరికి పోయింది. పిన్నమ్మకు కూడా ఒళ్లు వెచ్చబడితే ఆమెతోనూ వాసన చూపించిందట. ఆమెకూ వచ్చిందట. ఇద్దరూ కలిసి, ఉపవాసం నీరసం ఒకరికి, ఎండ దెబ్బ ఇంకొకరికి అని తేల్చుకున్నారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

గురువారం పొద్దున పెద్దమ్మ గడప దాటి రెండడుగులు వేసి కూలబడింది. వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెడితే ఎనభై నాలుగు. మిషన్ చెడిపోయిందనుకుని నా వేలికి పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది. మళ్లీ ఆమెకు పెట్టాను. ఎనభై మూడు. అప్పుడు కిట్టు చింపాను. తొందరలో సగం చుక్కలు కింద పోశాను. పావుగంట ఆగాల్సిన పనే లేకపోయింది, రెండో గీత వెంటనే ఎర్రగా లేచింది.

"అయిపోయినోళ్లకు మళ్లా ఎట్టా వస్తాది మే?" అంది పెద్దమ్మ. ఆమె గొంతులో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

బోగోలు నుంచి 108 వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కావలిలో బెడ్ లేదన్నారు, నెల్లూరుకు బయల్దేరాం. హైవే ఎక్కాక పెద్దమ్మ మాస్కు పక్కకు తీసి వేళ్లు మడిచి లెక్కబెట్టడం మొదలుపెట్టింది.

"పదకొండు ఇండ్లు మే. పదకొండు ఇండ్లకు పోయినా నేను."

"మాట్లాడబాక పెద్దమ్మా. మాస్కు పెట్టుకో."

"జైతూన్ పక్కనే పండుకున్నా. ఆమెకు సుగర్ ఉండాది. నన్ను ఆడ దించేసి నువ్వు పాళెం పో. నా దగ్గర కూర్చుంటే నాకేమన్నా ఊపిరి పోస్తావా? పో. పోయి జైతూన్‌కు చెప్పు, ముందు ఆమెకు చెప్పు. నెత్తళ్ల పరీక్ష లేదు ఏం లేదు, అది అబద్ధమని చెప్పు. చెప్తావా?"

"చెప్తాను," అన్నాను.

చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో నాలుగేళ్లు ఆలోచించాను. పెద్దమ్మను వదిలి రావడానికి కాళ్లు ఆడలేదు, అది నిజం. నెల్లూరులో ఆ ఆస్పత్రి గేటు బయట షామియానా కింద నాలుగు రోజులు కూర్చున్నాను. ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. కానీ నేను రాలేకపోతే ఫోన్ చేయవచ్చు కదా? చేతిలోనే ఉంది ఫోన్. శుక్రవారం మా ఉపకేంద్రం నర్సు, ఏఎన్ఎం వాణి మేడమ్ తనే చేసింది.

"రెజీనా, మీ పెద్దమ్మకు ఎట్లా ఉంది? కరోనా ఏమైనా వచ్చిందా? ఊళ్లో ఎవరికైనా పరీక్షలు చేయాలా చెప్పు, నేను పోతాను."

ఎంత మంచి అవకాశం అది! ఒక్క మాట చాలు. ఆ మాట అంటే నెత్తళ్ల పరీక్ష తప్పని అనాలి. అయిపోయినోళ్లకు రాదని నేను ఊరంతా చెప్పింది తప్పని అనాలి. కిట్టు అడిగిన పెద్దమ్మను కసిరి పంపానని కూడా అనాలి. గోడ మీది ఫోటో నా కళ్ల ముందు ఆడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఘడియలో నాకు అదే కనబడింది.

"కరోనా కాదు మేడమ్, నిమ్ము చేసింది. అయిపోయినామెకు మళ్లీ ఎట్లా వస్తుంది?" అన్నాను.

"అవును కదా," అంది ఆమె. పెట్టేసింది.

రేపు చెబుదాం, పెద్దమ్మ కాస్త తేరుకున్నాక ఆమెతో కలిసి పోయి చెబుదాం అనుకున్నాను. శనివారం కూడా అదే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ లోపలి నుంచి ఫోన్ చేసింది. నర్సమ్మ పట్టుకుంటే మాట్లాడుతున్నట్టుంది. రెండు మాటలకు ఒకసారి ఊపిరి ఎగబోసుకుంటోంది. తిట్టే గొంతు, పాడే గొంతు, బస్సంతా నవ్వించే గొంతు అదేనా అని ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"చెప్పినావా?"

"చెప్పినా పెద్దమ్మా."

"జైతూన్‌కు?"

"ఆమెకే ముందు చెప్పినా. పరీక్ష చేయించుకుంది. ఏం లేదంట. నిన్ను తిడతా ఉండాది, తొందరగా రమ్మనింది."

ఆక్సిజన్ బుసబుస మధ్య నుంచి, "దేవునికి స్తోత్రం," అంది పెద్దమ్మ. నవ్వినట్టు కూడా అనిపించింది. తర్వాత నర్సమ్మ ఫోన్ తీసుకుని, ఎక్కువ మాట్లాడించవద్దు అంది.

సోమవారం తెల్లవారేసరికి పెద్దమ్మ పోయింది. ముఖం చూపించారు, పది అడుగుల దూరం నుంచి. ఊరికి తీసుకుపోనివ్వలేదు. అక్కడే మున్సిపాలిటీ వాళ్లు తవ్విన గుంటలో పాతిపెట్టారు. మా పాస్టరు జయకుమార్ గారు ఫోన్‌లో ప్రార్థన చదువుతుంటే, ఆ ఫోన్‌ను నేను గుంట వైపు పట్టుకుని నిలబడ్డాను.

అక్కడి నుంచి నేరుగా పాళెం వచ్చాను. ఇంటికి పోలేదు, పిన్నమ్మ ఇంటికే పోయాను. అన్వర్ వాకిట్లో ఫోన్ పట్టుకుని అంబులెన్సు వాళ్లతో అరుస్తున్నాడు. నన్ను చూసి, "వచ్చినావా అక్కా, వచ్చినావా," అని పక్కకు జరిగాడు. పిన్నమ్మ మంచం మీద దిండ్లకు ఆనించి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. మిషన్ పెడితే డెబ్భై రెండు.

"రెజీనా, వచ్చినావా అమ్మా," అంది. "అక్క ఎట్టా ఉండాది?"

"బాగుండాది పిన్నమ్మా."

"నాకేం లేదులే. ఉపాసాల నీరసం. వాసన కూడా వస్తా ఉండాది."

అంబులెన్సు రాలేదు. ఐస్ మోసే వ్యానులో చాప పరిచి ఎక్కించాం. ఆమె తల నా ఒళ్లో ఉంది. కావలి ఇంకా రాకముందే ఆమె చెయ్యి నా చేతిలో బరువెక్కింది. అన్వర్ ముందు సీట్లో కూర్చుని, ఆస్పత్రి వాళ్లతో బెడ్ కోసం బతిమాలుతూనే ఉన్నాడు. అతనికి చెప్పడానికి నాకు రెండు మైళ్లు పట్టింది.

మరుసటి రోజు డాక్టరు కరుణాకుమారి గారి దగ్గరికి పోయి అన్నీ చెప్పాను. కిట్టు సంగతి, వాణి మేడమ్‌తో అబద్ధం ఆడిన సంగతి కూడా. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మన ఒంట్లో కాపలావాళ్లు పోయినేడు వచ్చినదాన్ని గుర్తుపెట్టుకుంటారమ్మా. ఇది రూపం మార్చుకుని వచ్చింది. రేవులో బోటుకు రంగు కొట్టి నంబరు మార్చేస్తే మీవాళ్లు పోల్చుకోగలరా? అట్లా దాటుకుని పోయింది. వాసన పోవడం కూడా ఈసారి అందరికీ లేదు. మాకే ఇప్పుడిప్పుడు తెలుస్తోంది. నీకెట్లా తెలుస్తుంది?" అంది.

రోగం పెద్దమ్మను మళ్లీ ఎట్లా పట్టుకుంటుందో అప్పుడు నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ గురువారం పొద్దున రెండో గీత లేచినప్పటి నుంచి తెలుసు కదా. సోమవారం దాకా తెలుసు కదా. ఆ నాలుగు రోజులను ఏ రంగు కొట్టి దాచాలి?

ఆ సాయంత్రమే మిగతా పదకొండు ఇళ్లకూ పోయి, నెత్తళ్ల పరీక్ష తప్పని చెప్పాను. ఆరుగురికి కరోనా తేలింది. అదృష్టం, అందరూ బతికారు. ఇంటికి వచ్చి గోడ మీది అట్ట తీసి పొయ్యిలో పెట్టాను.

నెల తర్వాత సైదావలి చిన్నాయన సగం మనిషై ఇంటికి వచ్చాడు. భార్యను పాతిపెట్టినప్పుడు ఆయన ఆస్పత్రి మంచం మీదే ఉన్నాడు. వచ్చిన వారానికి చేతికర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చి, "నా ఇంటి దాన్ని ఒంటరిగా వదలకుండా మీ పెద్దమ్మ ప్రాణం పెట్టింది. ఆ మేలు ఈ జన్మలో మర్చిపోనమ్మా," అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. ఆ మేలు నేనూ పంచుకున్నట్టు మంచినీళ్లు ఇచ్చి పంపాను.

ఆ తర్వాత పాళెమంతా టీకాలు వేశారు. నాకు అంతకుముందే రెండు సూదులు పడ్డాయి. మరుసటి సంక్రాంతి నెలలో ఒమిక్రాన్ అని ఇంకొకటి వచ్చి, సూది పడినవాళ్లను, పడనివాళ్లను, ముందు వచ్చినవాళ్లను అందరినీ చుట్టేసి వారంలో వదిలేసిపోయింది. నన్నూ చుట్టింది. అప్పటి నుంచి మా పాళెంలో అయిపోయినోళ్లు అనే మాట ఎవరూ అనడం లేదు.

మొన్న, అంటే రెండువేల ఇరవై అయిదు జూన్‌లో, ఇంకో కొత్తది వచ్చిందని మీటింగు పెట్టారు. దాని పేరు అక్షరాలు, అంకెలు, చుక్కలు. నాకు నోరు తిరగలేదు. చాలామందికి జలుబు లాగా వచ్చి పోతుంది, ముసలివాళ్లను, సుగర్ ఉన్నవాళ్లను మాత్రం చూసుకోండి అన్నారు. మీటింగు నుంచి వచ్చేసరికి చిన్నాయన మా అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు. అన్వర్ కారు తెచ్చి వీధిలో ఆపి ఉన్నాడు.

"మూడు దినాలుగా దగ్గు అక్కా, ఆయాసం కూడా ఉండాది. కావలికి పోదాం రా నాయనా అంటే వినడు," అన్నాడు అన్వర్.

"రెజీనా చూసి చెప్తే పోతా అన్నా," అన్నాడు చిన్నాయన. "నువ్వు చూడు మే. ఏం లేదంటే ఇంటికి పోతా."

సంచిలో కిట్టు ఉంది, మిషన్ ఉంది. ఏదీ బయటికి తీయలేదు.

"నేను చూసేదేం లేదు. ఎక్కండి. ఇప్పుడే ఎక్కండి," అని చెయ్యి పట్టుకుని లేపాను. ఆయన ఇంకేదో అనబోతే అరిచాను కూడా. నేనూ చెప్పులేసుకుని ఆయన పక్కనే వెనక సీట్లో కూర్చున్నాను.

పాళెం దాటాక చెప్పేశాను. నాలుగేళ్లు గొంతులో ముల్లులాగా ఉన్నదాన్ని ఒక్క వరసలో కక్కేశాను. "నా మాట ఎప్పుడూ నమ్మబాకండి చిన్నాయనా. పెద్దమ్మ పిన్నమ్మకు చెప్పమని నన్ను పంపింది. నేను రాలేదు. వాణి మేడమ్ అడిగితే అబద్ధం చెప్పినా. నా పరీక్ష తప్పని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నాలుగు దినాలు. ఒక్క ఫోన్ చేసుంటే పిన్నమ్మ గురువారమే ఆస్పత్రిలో ఉండేది, బతికేది. నేనే పొట్టన పెట్టుకున్నా."

అన్వర్ అద్దంలో నుంచి ఒకసారి చూసి మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. చిన్నాయన దగ్గు ఆపుకుని కిటికీ బయటికి చూశాడు. రొయ్యల గుంటలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి.

"తెలుసు," అన్నాడు.

ముందు కూర్చున్న అన్వర్ వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"వీడు ఆ శుక్రవారం నుంచి వాళ్లమ్మ దగ్గరే ఉన్నాడు గదా. ఆస్పత్రికి పోదాం రామ్మా అంటే, రెజీనా వచ్చి చూసి చెప్పినాక పోతాలే అనిందంట. రోజూ అదే మాట. వీధి తలుపు కూడా మూయనియ్యలేదంట. రేత్రిళ్లు కూడా. మూసుంటే నిద్రపోతా ఉండాననుకొని ఆ పిల్ల వెనక్కి పోతాది, తెరిచి పెట్టు అనిందంట."

ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. తీయలేదు.

"ఈ మాట నీ చెవిన పడకూడదని వీడి చేత ఒట్టు పెట్టించుకున్నా. నువ్వే చెప్పించినావు," అన్నాడు.